మంచం మీద కాలు ఎత్తుతున్నారు, నిలబెడితే పడిపోతున్నారు – కారణం ఏమిటి?

గోదావరి గట్టు · ఆగస్టు 3, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది కొవ్వూరు. నాన్నగారికి 63 ఏళ్లు. నలభై ఏళ్లుగా బట్టలు కుడుతున్నారు, ఇప్పటికీ కాలితో తొక్కే మిషను మీదే. జూన్ మధ్యలో ఒక తెల్లవారుజామున ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. మెదడులో కుడివైపు రక్తనాళానికి గడ్డ అడ్డుపడిందని స్కానింగ్ చూసి చెప్పారు. పన్నెండు రోజులు ఆసుపత్రిలో ఉంచి ఇంటికి పంపించారు.

ఇప్పటికి ఏడు వారాలైంది. మాట స్పష్టంగా ఉంది, మింగడంలో ఇబ్బంది లేదు. మంచం మీద పడుకున్నప్పుడు ఎడమ కాలు ఎత్తమంటే జానెడు ఎత్తు ఎత్తుతున్నారు. మోకాలు మడుస్తున్నారు. పాదాన్ని నా అరచేతికి ఆనించి తన్నమంటే గట్టిగానే తంతున్నారు. అది చూసి ఇంటిల్లిపాదీ సంతోషించాం. కానీ నిలబెట్టగానే అదే కాలు తనది కానట్టు అయిపోతోంది. మోకాలు ఒక్కసారిగా కూలుతుంది, లేకపోతే పాదం లోపలికి తిరిగి మడమ నేలకు ఆనదు. మనిషి మొత్తం ఎడమవైపుకు వాలిపోతారు. నిన్న నేను, తమ్ముడు చెరోవైపు పట్టుకున్నా ముగ్గురం వెళ్లి గోడకు గుద్దుకున్నాం.

బలం చాలదని అమ్మ రోజూ మేక కాళ్ల చారు పెడుతోంది. కాలికి ఇసుక సంచి కట్టి ఎత్తించాలని తమ్ముడి వాదన. పక్కింటివారు తైలం తెచ్చి ఇచ్చారు. కాలిలో బలం కళ్లకు కనిపిస్తూనే ఉంది కదా, మరి నిలబడడానికి తక్కువైనది ఏమిటి?

విశాఖ ఫిజియో · ఆగస్టు 3, రాత్రి 10:55

పక్షవాతం వచ్చినవారితో పదహారేళ్లుగా పని చేస్తున్నాను. మీ ప్రశ్న వారి ఇళ్లలో తరచుగా వినిపించేదే, చాలాచోట్ల దానికి సరైన జవాబు దొరకనిదీ అదే.

పడుకుని కాలు ఎత్తడంలో మీరు ఒక ఆజ్ఞ ఇస్తున్నారు, ఆయనకు కావలసినంత సమయం ఉంది, ఒంటి బరువంతా పరుపు మోస్తోంది. నిలబడినప్పుడు ఆజ్ఞ ఇచ్చేవారెవరూ లేరు. మనిషి నిటారుగా నిలబడితే ఒంటి బరువు రేఖ చీలమండకు కొద్దిగా ముందుగా పడుతుంది. అంటే మనమంతా ఎప్పుడూ ముందుకు పడబోతూనే ఉంటాం. పిక్కలో లోపలి పొరలో ఉండే సోలియస్ అనే కండరం ఆ పడబోవడాన్ని అనుక్షణం ఆపుతూ ఉంటుంది. ఒళ్లు కాస్త వెనక్కి వాలితే మోకాలి కింద ముందెముక పక్కన ఉండే కండరం, టిబియాలిస్ యాంటీరియర్, పాదం ముందు భాగాన్ని పైకి లాగుతుంది. ఇప్పుడే చెప్పులు విడిచి, గోడ దగ్గర నిలబడి కళ్లు మూసుకోండి. చీలమండ ముందు నరాల్లాంటి తాళ్లు తేలడం, మునగడం మీకే తెలుస్తుంది. మీరు వాటికి ఏమీ చెప్పలేదు.

కుడి మెదడు నుంచి దిగే దారులు మెదడు అడుగున, వెన్నుపాముకు పైన ఉండే మెడుల్లా దగ్గర అటువైపు దాటి ఎడమ కాలికి చేరతాయి. ఆ దారి దెబ్బతిన్నప్పుడు ఆజ్ఞ బలహీనంగా వస్తుంది, ఆలస్యంగా వస్తుంది, విడివిడిగా రావలసినది ఒక మూటలా వస్తుంది. ఎత్తమంటే తుంటి, మోకాలు, చీలమండ అన్నీ కలిసి మడుచుకుంటాయి. తన్నమంటే అన్నీ కలిసి బిగుసుకుంటాయి. నిలబడడానికి కావలసింది మోకాలు చాపి ఉంచుతూనే పాదాన్ని విడిగా సర్దుకోవడం. మీ నాన్నగారికి ఇంకా రానిది ఆ విడదీత, ఆ సమయపాలన. ఇసుక సంచి ఆ మూటనే ఇంకా బిగిస్తుంది, కట్టవద్దు.

రెండు విషయాలు చెప్పండి. ఎప్పుడూ ఎడమవైపుకే పడతారా? మీరు నిటారుగా సరిచేయబోతే ఒప్పుకుంటారా, కుడి చేత్తో ఎదురు తోస్తారా?

తరంగం · ఆగస్టు 4, ఉదయం 7:15

నేను వైద్యుణ్ణి కాదు. హైదరాబాద్‌లో కండరాల విద్యుత్ సంకేతాలను కొలిచే పరికరాలపై, అంటే ఈ.ఎం.జి. మీద పని చేసే ఇంజనీరును. చర్మం మీద చిన్న బిళ్లలు అంటించి, కండరం పని చేసేటప్పుడు పుట్టే సంకేతాన్ని పట్టుకుంటాం. ఫిజియో గారు "సమయపాలన" అన్నారు కదా, తెర మీద అది ఎలా కనిపిస్తుందో చెప్పాలనిపించింది.

ఆరోగ్యంగా ఉన్న మనిషిని నిలబెట్టి చెయ్యి ముందుకు ఎత్తమంటాం. చూసేవారికి ముందు కదిలేది చెయ్యి. తెర మీద మాత్రం భుజం కండరం కంటే ముందే తొడ వెనుక కండరాలు మొదలవుతాయి. చెయ్యి ముందుకు లేస్తే ఒళ్లు ముందుకు తూలుతుందని మెదడు ముందే లెక్క కట్టి, కాలిని సిద్ధం చేసి, ఆ తర్వాత చేతిని వదులుతుంది. సోవియట్ పరిశోధకులు 1967లోనే దీన్ని చూపించారు. పక్షవాతం వచ్చిన కాలిలో ఈ ముందస్తు సంకేతం ఆలస్యమవుతుంది, కొందరిలో అసలు కనిపించదు.

రెండో పరీక్షలో నిలబడిన పలకను హఠాత్తుగా కదిలిస్తాం. ఆరోగ్యంగా ఉన్న కాలిలో చీలమండ కండరాలు సుమారు సెకనులో పదో వంతుకు స్పందిస్తాయి. బలహీనమైన కాలిలో స్పందన ఆలస్యంగా, చిన్నగా వస్తుంది. ఇంకోటి నన్ను ఎప్పుడూ కదిలిస్తుంది. పిక్క, ముందెముక కండరం వంతులవారీగా పని చేయాల్సింది పోయి రెండూ ఒకేసారి బిగుస్తాయి. బరువు ఎత్తమంటే ఎత్తే కాలు సమయానికి అందిరాకపోవడం అంటే ఇదే. మీ అరచేతిని తన్నిన బలం నిజమే, అది నిలబడే క్షణానికి ముందు రావాలి.

మళ్లీ నడక · ఆగస్టు 4, మధ్యాహ్నం 1:20

నాకు నాలుగేళ్ల క్రితం కుడివైపు పడిపోయింది. గుంటూరులో ఉంటాను. తరంగం గారు తెర మీద చూసినదాన్ని నేను లోపలి నుంచి చెబుతాను.

మొదటి నెలల్లో నిలబడితే కుడి పాదం కింద నేల ఉందని కళ్లతో చూస్తేనే తెలిసేది. చూపు తిప్పితే ఆ వైపు మెట్టు లేని చోట అడుగు వేసినట్టుండేది. అందుకే తల వంచి పాదం వంకే చూస్తూ నిలబడేదాన్ని. ఇంట్లో అందరూ "తల ఎత్తు, ధైర్యంగా నిలబడు" అనేవారు. అది ధైర్యానికి సంబంధించిన విషయం కాదు. కళ్లు తీసేస్తే నాకు కాలే లేదు.

మూడో నెలలో పట్టుకోకుండా నిలబడగలిగాను. ఆ ఆదివారం స్టూలు ఎందుకని, స్నానాల గదిలో నిలబడే తలంటుకున్నాను. కుంకుడు రసం కళ్లలో పడకుండా కళ్లు మూసుకున్నాను. అంతే, మరుక్షణం నేల మీద ఉన్నాను. మణికట్టు విరిగింది. మీ నాన్నగారు ఎంత బాగుపడినా తలంటు మాత్రం కూర్చునే చేయించండి. ఇది రాయడానికే ఈ చర్చలోకి వచ్చాను.

గోదావరి గట్టు · ఆగస్టు 4, రాత్రి 9:05

అమ్మకు మీ ముగ్గురి మాటలూ చదివి వినిపించాను. కుంకుడుకాయల సంగతి విని వెంటనే ప్లాస్టిక్ కుర్చీ తీసుకెళ్లి స్నానాల గదిలో వేసింది.

ఫిజియో గారూ, ఎప్పుడూ ఎడమవైపుకే పడతారు. సరిచేయబోతే ఒప్పుకోరు. కుడి చేత్తో మంచం కోడును పట్టుకుని తోస్తారు, కుడి కాలితో కూడా నేలను తన్నుతారు. "నన్ను పడేస్తున్నారు" అని అరుస్తారు. నిజానికి అప్పటికే ఆయన ఎడమవైపుకు బాగా వాలి ఉంటారు. మొండితనం చేస్తున్నారని నిన్న నేను కోప్పడ్డాను కూడా. ఆసుపత్రిలో ఉండగా త్వరగా నిలబెట్టకపోవడం వల్ల ఇలా అయిందా? మొదటి మూడు రోజులు మంచం దిగనివ్వలేదు. ఆ సంగతి గుర్తొస్తే నిద్ర పట్టడం లేదు.

విశాఖ ఫిజియో · ఆగస్టు 4, రాత్రి 11:30

మొండితనం కాదు. ఆయన్ను ఇంకెప్పుడూ అలా అనవద్దు. ఆయన అబద్ధమూ చెప్పడం లేదు. నిజంగానే పడిపోతున్నట్టు ఆయనకు తెలుస్తోంది.

దీన్ని "పుషర్" ప్రవర్తన అంటారు. స్విట్జర్లాండ్‌లో పని చేసిన ఫిజియోథెరపిస్టు ప్యాట్రీషియా డేవిస్ 1985లో దీన్ని వివరించారు. తర్వాత 2000లో జర్మనీకి చెందిన కార్నాథ్ బృందం ఇలాంటివారిని కళ్లు మూసి, వంగే కుర్చీలో కూర్చోబెట్టి, ఎప్పుడు నిటారుగా ఉన్నట్టు అనిపిస్తుందో చెప్పమంది. ఒళ్లు సుమారు 18 డిగ్రీలు మెదడు దెబ్బతిన్న వైపుకు వంగి ఉన్నప్పుడు వారికి నిటారుగా ఉన్నట్టు అనిపించింది. చుట్టూ ఉన్న వస్తువులు నిలువుగా ఉన్నాయో లేదో మాత్రం కళ్లతో సరిగ్గానే చెప్పగలిగారు. కన్ను చెడలేదు, ఒంటి లోపలి తూకం చెడింది. అందువల్ల మీరు మధ్యకు తెచ్చినప్పుడు ఆయన ఒంటికి అది పడిపోవడంలా తోచి, మంచి చేత్తో ఎదురు తోస్తున్నారు. మీరు ఎంత లాగితే అంత తోస్తారు.

కాబట్టి లాగడం మానేయండి. తలుపు చట్రం ఎదురుగా కూర్చోబెట్టి, దాని నిలువు గీతతో తన ఒంటిని పోల్చుకోమనండి. "నాన్నా, తలుపు నిటారుగా ఉంది కదా, మీ ముక్కు దానికి సరిగ్గా ఉందా?" అని అడగండి. ఆయనే కళ్లతో చూసి, తప్పు పట్టుకుని, తానే కుడివైపుకు రావాలి. పట్టుకుని తోయడానికి వీలైన మంచం కోడు, కమ్మీ ఆ చేతికి అందనివ్వవద్దు. కుడివైపున గోడ ఉంచండి. కుడిచేతికి ఒక పని ఇవ్వండి, కుడివైపుకు చాచి అందుకోవలసిన పని. మీ ఇంట్లో బట్టలు కత్తిరించే బల్ల ఉండాలి కదా. దాని ముందు కూర్చోబెట్టి గుడ్డ ముక్కలు కుడివైపున పెట్టండి. నలభై ఏళ్లు కత్తెర పట్టిన చెయ్యి ఊరుకోదు. చాలామందిలో ఈ తోపుడు కొన్ని వారాల్లో తగ్గుతుంది, ఆరు నెలల తర్వాత మిగిలేది తక్కువమందిలోనే.

నడుముకు పంచె మడిచి గట్టిగా కట్టి దాన్ని పట్టుకోండి. ఎడమ చేతిని పట్టి ఎప్పుడూ లేపవద్దు, భుజం కీలు జారుతుంది. ఒక్కసారైనా మీ దగ్గర్లోని ఫిజియోథెరపిస్టును ఇంటికి పిలిచి చూపించండి. చూడకుండా నేను చెప్పేదానికి హద్దు ఉంది.

మెల్‌బోర్న్ తెలుగు · ఆగస్టు 5, ఉదయం 5:50

గోదావరి గట్టు గారూ, ఆ మూడు రోజుల గురించి బాధపడకండి. మా అన్నయ్యకు పక్షవాతం వచ్చినప్పుడు నాకూ అదే బెంగ ఉండేది. ఇక్కడి పరిశోధకుల ఆధ్వర్యంలోనే ఈ ప్రశ్న మీద ఇప్పటివరకు జరిగినవాటిలో చాలా పెద్ద ప్రయోగం జరిగింది. పేరు అవర్ట్, ఫలితాలు 2015లో వెలువడ్డాయి. ఐదు దేశాలు, 56 ఆసుపత్రులు, 2,104 మంది రోగులు. 24 గంటల్లోపే లేపి, ఎక్కువసార్లు, ఎక్కువసేపు నిలబెట్టి నడిపించినవారు బాగా కోలుకుంటారని అందరూ ఆశించారు. మూడు నెలల తర్వాత చూస్తే, అలా తొందరపడిన వర్గంలో బాగున్నవారు 46 శాతం, మామూలు పద్ధతిలో ఉన్నవారిలో 50 శాతం. తర్వాతి విశ్లేషణలో కొద్దిసేపే అయినా ఎక్కువసార్లు లేవడం మేలన్న సూచన కనిపించింది.

నెలల తరబడి మంచానికి వదిలేయడం తప్పే. మొదటి రోజుల్లో ఆగడం మాత్రం మీరు చేసిన నేరం కాదు. అన్నయ్య విషయంలో ఈ సంగతి ఆలస్యంగా తెలిసి, అనవసరంగా ఏడాది కుమిలిపోయాను.

శారద (వరంగల్) · ఆగస్టు 17, సాయంత్రం 6:10

ఆలస్యంగా వస్తున్నాను. మా అత్తగారిది కూడా ఎడమవైపే. నా అనుభవం కాస్త వేరు, చెప్పకుండా ఉండలేను.

మా దగ్గరికి వచ్చిన ఫిజియోథెరపిస్టు ఆరు నెలలు ఒకే మాట పట్టుకున్నారు. రెండు కాళ్ల మీద సమానంగా నిలబడాలి, అప్పటివరకు నడక వద్దు. అత్తగారు సమానంగా ఎన్నడూ నిలబడలేదు. ఆ సమానం కోసం ఎదురుచూస్తూ కుర్చీలోనే చిక్కిపోయారు. చివరికి ఇంకొకరు వచ్చి "ఆ కాలు ఎంత ఇస్తే అంత తీసుకోండి, మిగతాది మంచి కాలితో లాగించండి" అని కర్ర ఇచ్చారు. నెలన్నరలో వంటింటి దాకా నడిచారు. ఇప్పుడు భద్రకాళి గుడికి వస్తారు. ఇప్పటికీ ఒంటికాలి మీద బరువే. పడిపోయిన కాలు మేలుకోవాలని ఎదురుచూడమని చెప్పేవారిని నేను నమ్మలేను.

తరంగం · ఆగస్టు 17, రాత్రి 8:45

శారద గారి మాటకు కొలతల ఆధారం ఉంది. నెదర్లాండ్స్ బృందం ఒకటి 2008లో ప్రచురించిన పనిలో పక్షవాతం వచ్చిన 13 మందిని ఆరు నెలల పాటు మళ్లీ మళ్లీ కొలిచింది. నడక మెరుగైంది, ఒకరి సాయం లేకుండా తిరగగలిగారు. కానీ బలహీనమైన కాలి కండరాలు ఎప్పుడు మొదలై ఎప్పుడు ఆగుతున్నాయన్న వరుస పెద్దగా మారలేదు. మారినవి ఎక్కువగా మంచి కాలిలో కనిపించాయి.

నిలబడడంలోనూ ఇది ఉంది. పాదాల కింది బరువును కొలిచే పలక మీద చూస్తే ఊగిసలాట తగ్గి ఉంటుంది, మనిషి స్థిరంగా ఉంటారు, ఇంటివారు కాలు బాగైందనుకుంటారు. రెండు పాదాల కింద వేర్వేరు పలకలు పెట్టి చూస్తే దిద్దుబాటు పని చాలావరకు మంచి పాదమే చేస్తూ ఉంటుంది. బాగుపడటం రెండు దారుల్లో జరుగుతుంది. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి.

విశాఖ ఫిజియో · ఆగస్టు 17, రాత్రి 11:10

శారద గారూ, ఆరు నెలలు నడక ఆపడం తప్పు. మా వృత్తిలో ఆ పాత పట్టుదల ఇంకా అక్కడక్కడ ఉంది, మీ అత్తగారు దానికి మూల్యం చెల్లించారు. సమానత్వం వచ్చాకే నడక అని నేను ఎవరికీ చెప్పను.

కానీ ఆ కాలిని పూర్తిగా వదిలేయడానికీ నేను ఒప్పుకోను. బరువు మోయని ఎముక పలచబడుతుంది. పక్షవాతం తర్వాత తుంటి ఎముక విరిగేది ఎక్కువగా బలహీనమైన వైపే. ఆ వైపుకే పడతారు, ఆ ఎముకే పలచగా ఉంటుంది. పైగా మంచి కాలు అన్ని వేళలా అందిరాదు. గడప దాటడానికి మంచి కాలు గాలిలోకి లేచినప్పుడు ఆ అర సెకను మనిషిని మోసేది బలహీనమైన కాలే. తుంటి పక్కన ఉండే గ్లూటియస్ మీడియస్ కండరం ఆ క్షణంలో పట్టకపోతే నడుము ఒకవైపు జారుతుంది. కాబట్టి నడక ఈ రోజే, ఆ కాలికి పని కూడా ఈ రోజే.

ఇంట్లో చేయగలిగిన వాటిలో నాకు ఎక్కువ నమ్మకం ఉన్నది కుర్చీలోంచి లేచి నిలబడడం. అందులోనూ ఒక చిన్న మార్పు ఉంది. లేచే ముందు బలహీనమైన పాదాన్ని మంచి పాదం కంటే కాస్త వెనక్కి పెట్టాలి. మామూలుగా వాళ్లు దాన్ని ముందుకు చాపి వదిలేసి మంచి కాలితో లేస్తారు. వెనక్కి పెడితే ఆ కాలు తప్పించుకోలేదు, మడమ కిందికి దిగుతుంది, తొడ కండరం పట్టక తప్పదు. కుర్చీ ఎత్తుగా ఉంటే మొదలుపెట్టడం తేలిక. పదేసి సార్లు, రోజుకు నాలుగైదు విడతలు. అలసిపోయాక చేసేవి లెక్కలోకి రావు, అప్పుడు మంచి కాలే చేస్తుంది.

గోదావరి గట్టు · ఆగస్టు 30, రాత్రి 8:20

ఇన్ని రోజులు రాయలేదు, క్షమించండి. చెప్పవలసినవి చాలా ఉన్నాయి.

తలుపు చట్రం పని చేసింది. మొదటి రెండు రోజులు నాన్నగారు నమ్మలేదు, "తలుపే వంకరగా ఉంది" అన్నారు. మూడో రోజు అమ్మ దారానికి బొత్తాం కట్టి వేలాడదీసింది. నాన్నగారు దాన్ని చాలాసేపు చూసి, నెమ్మదిగా కుడివైపుకు జరిగారు. కుట్టు పనిలో దారం నిలువును ఆయన ఎప్పుడూ శంకించలేదు కదా. అప్పటి నుంచి తోపుడు తగ్గుతూ వచ్చింది. ఒక ఫిజియోథెరపిస్టు వారానికి రెండుసార్లు వస్తున్నారు.

ఇప్పుడు పరిస్థితి తలకిందులైంది. ఎడమవైపుకు వాలడం పోయి, బరువంతా కుడి కాలి మీదే వేస్తున్నారు. ఫిజియోథెరపిస్టు సలహా మీద బరువు చూసుకునే యంత్రాలు రెండు పక్కపక్కన పెట్టి, చెరో పాదం ఒక్కోదాని మీద పెట్టించాం. కుడి పాదం కింద 46 కిలోలు, ఎడమ పాదం కింద 14. ఆ అంకె చూసి నాన్నగారే ఆశ్చర్యపోయారు. సమానంగానే నిలబడ్డానని అనుకున్నారట.

రెండు ప్రశ్నలు. ఒకటి, ఆయన మిషను తొక్కుతానంటున్నారు. కూర్చోబెడితే ఎడమ పాదం కూడా పెడలు మీద చక్కగా ఆడుతోంది. అది మంచిదేనా? రెండు, కాలికి కరెంటు ఇచ్చే పరికరం కొనమని ఒక దుకాణంవారు ఒత్తిడి చేస్తున్నారు. ధర మాకు ఎక్కువే.

విశాఖ ఫిజియో · ఆగస్టు 31, ఉదయం 6:40

దారానికి కట్టిన బొత్తాం! అమ్మగారికి నా నమస్కారం చెప్పండి. రేపటి నుంచి నేనూ వాడతాను.

పెడలు ఒకటే, పాదాలు రెండు. కుడి పాదం తొక్కుతుంటే ఎడమ పాదం దాని మీద సవారీ చేస్తూ ఉండవచ్చు. కుడి పాదం తీసేయించి, సూది దారం లేకుండా, ఎడమ పాదంతో మాత్రమే నెమ్మదిగా తొక్కమనండి. ముని వేళ్లు కిందికి నొక్కితే పిక్క, మడమ నొక్కి వేళ్లు పైకెత్తితే ముందెముక కండరం. వంతులవారీగా రావలసినవి ఈ రెండే, తరంగం గారు చెప్పినవి. కానీ కూర్చుని నేర్చినది నిలబడడానికి దానంతట అది రాదు. నిలబడడం నిలబడే నేర్చుకోవాలి. కత్తిరించే బల్ల దగ్గర నిలబెట్టి, ఈసారి గుడ్డ, సుద్ద ముక్క, టేపు ఎడమవైపున పెట్టండి. వాటి కోసం కుడి చెయ్యి అడ్డంగా చాచినప్పుడు బరువు ఎడమ కాలి మీదికి రాక తప్పదు. వెనుక కుర్చీ, పక్కన మనిషి ఉండాలి.

కరెంటు గురించి. మోకాలి పక్కన నరానికి కరెంటు ఇచ్చి, మడమ లేవగానే పాదం పైకి ఎత్తేలా చేసే పద్ధతిని అమెరికాలో లిబర్సన్ 1961లోనే చూపించారు. నడకలో వేళ్లు నేలకు తగిలేవారికి అది నిజంగా ఉపయోగపడుతుంది. మంచం మీద పడుకోబెట్టి అరగంట కండరాన్ని అదిరించే పెట్టె వేరు, దానితో నిలబడడం రాదు. పాదం లోపలికి తిరుగుతోందన్నారు, దానికి చీలమండ పట్టి, అంటే ఏ.ఎఫ్.ఓ., చాలా తక్కువ ధరలో అదే పని చేయవచ్చు. పిక్క బిగుతు మరీ ఎక్కువైతే కండరాన్ని సడలించే బొటులినం సూది ఉంది. అది సుమారు మూడు నెలలు పని చేస్తుంది, నరాల వైద్యులు చూసి నిర్ణయించాలి. మీ ఇంటికి వచ్చే ఫిజియోథెరపిస్టును అడగకుండా ఆ పెట్టె కొనకండి.

తరంగం · ఆగస్టు 31, ఉదయం 9:30

బల్ల గురించి ఒక మాట. బల్లను గట్టిగా పట్టుకుంటే బరువు చేతికి పోతుంది, కాలు మళ్లీ తప్పించుకుంటుంది. చూపుడు వేలి కొన మాత్రం తేలికగా ఆనించమనండి. 1994లో జేకా, లాక్నర్ అనే పరిశోధకులు వంద గ్రాముల కంటే తక్కువ ఒత్తిడితో వేలు ఆనించినా నిలబడినవారి ఊగిసలాట బాగా తగ్గుతుందని చూపించారు. ఆ ఒత్తిడి మనిషిని మోయలేదు. ఒళ్లు ఎటు కదులుతోందో చర్మం చెబుతుంది, కాళ్లు సర్దుకుంటాయి. పాదం నుంచి కబురు సరిగ్గా అందనివారికి వేలి నుంచి వచ్చే కబురు చాలా విలువైనది. కర్ర కూడా కొంతవరకు ఇలాగే పని చేస్తుంది.

మళ్లీ నడక · ఆగస్టు 31, సాయంత్రం 4:15

వేలి సంగతి నిజం. వంటింటి గట్టుకు చిటికెన వేలు ఆనించి చారు పోపు పెట్టుకునేదాన్ని. ఎవరికీ కనిపించేది కాదు.

ఇంకొన్ని చెబుతాను. రాత్రి మంచం నుంచి మరుగుదొడ్డి దాకా దీపం వెలగనివ్వండి, చీకట్లో మా కాళ్లకు దారి తెలియదు. నిలబడి ఉన్నప్పుడు వెనుక నుంచి పిలవకండి. నడుస్తున్నప్పుడు ఎవరైనా లెక్కో కబురో అడిగితే నేను ఆగిపోయేదాన్ని, రెండు పనులకూ సరిపడా నాలో లేదు. తడి గచ్చు మీద రబ్బరు చెప్పులు వద్దు, వెనుక పట్టీ ఉన్న చెప్పులు కొనండి. నాలుగో నెలలో "ఇంక ఇంతే" అని మా బంధువు ఒకరు నా ఎదుటే అన్నారు. రెండో ఏడాదిలో కూడా నాకు కొత్తవి వచ్చాయి. నిరుడు సంక్రాంతికి నిలబడి ముగ్గు వేయలేదు కానీ, వంగి చుక్కలు పెట్టాను.

శారద (వరంగల్) · సెప్టెంబరు 1, ఉదయం 10:00

ఫిజియో గారూ, పాదం వెనక్కి పెట్టి లేవడం మా అత్తగారితో చేయించాను. నాలుగేళ్ల తర్వాత, ఒక ప్రయత్నం చేద్దామని. మొదటి రోజు "కాలు వణుకుతోంది" అన్నారు. నేను భయపడ్డాను. ఆమె మాత్రం "వణకనీ, ఉందని తెలుస్తోంది" అన్నారు. రోజూ పది చేస్తున్నాం. నా మొదటి మాటను పూర్తిగా వెనక్కి తీసుకోవడం లేదు, సగం తీసుకుంటున్నాను.

విశాఖ ఫిజియో · సెప్టెంబరు 1, రాత్రి 10:20

ఆ సగం చాలు శారద గారూ. అత్తగారి వణుకు లయగా టకటకమని ఆగకుండా కొట్టుకుంటే మడమ మీదికి నెమ్మదిగా బరువు దించమనండి, చాలాసార్లు ఆగుతుంది. ఆగకపోతే వైద్యులకు చెప్పండి.

మెరుగుదలను అంకెల్లో రాసుకోవాలనుకునేవారికి బెర్గ్ కొలమానం ఉంది. కెనడాలో 1989లో తయారైంది. కూర్చుని లేవడం, కళ్లు మూసి నిలబడడం, వంగి నేల మీది వస్తువు తీయడం వంటి 14 పనులు, ఒక్కోదానికి సున్నా నుంచి నాలుగు, మొత్తం 56. మీ ఫిజియోథెరపిస్టు పావుగంట, ఇరవై నిమిషాల్లో చేయగలరు. నెలకొకసారి చాలు. ఇంట్లో రోజూ చూసుకోవడానికి మీ రెండు బరువు యంత్రాలే మేలు.

గోదావరి గట్టు · అక్టోబరు 5, రాత్రి 9:15

ఈ రోజు కొలిచాం. కుడి 38, ఎడమ 23. నాన్నగారు కిలో బరువు పెరిగారు, అమ్మ చారు మానలేదు. బెర్గ్‌లో గత నెల 21, ఈ నెల 34 వచ్చింది. కళ్లు మూసి నిలబడడంలో ఇంకా వెనకబడే ఉన్నారు. కరెంటు పెట్టె కొనలేదు, చీలమండ పట్టి చేయించాం.

దసరాకు ఎదురింటి పాపకు పట్టు పరికిణీ కుట్టాలి. ఏటా నాన్నగారే కుడతారు. ఈసారి కుట్టేది తమ్ముడే, ఎడమ చెయ్యి ఇంకా అందిరాలేదు. కానీ కొలతలు, గుర్తులు నాన్నగారివే. సాయంత్రం బల్ల దగ్గర నిలబడి పదకొండు నిమిషాలు సుద్దతో గీతలు గీశారు. గుడ్డ ఎడమవైపున పరిచాం. నేను వెనుక పంచె పట్టుకుని నిలబడ్డాను, లాగవలసిన అవసరం ఒక్కసారీ రాలేదు. అమ్మ నేల మీద కూర్చుని ఆయన ఎడమ మడమనే చూస్తోంది. ఆయన గీత కోసం అటు వంగిన ప్రతిసారీ మడమ నేలకు ఆనుతోందని నాకు సైగ చేస్తోంది. నడుము దగ్గర కుచ్చిళ్లకు గుర్తులు పెట్టడం మిగిలింది. అది రేపు చేస్తానన్నారు.